నీళ్ళ లెక్కలతో బతుకుదెరువు: వాటర్ ఎకనామిక్స్‌లో పరిశోధన వైపు వెళ్ళాలంటే ఏం చేయాలి

నేను ఎకనామిక్స్ చదివి నీళ్ళ మీద పనిచేస్తున్నానని చెబితే మా చుట్టాల్లో సగం మంది ఇరిగేషన్‌లో ఏఈ ఉద్యోగం అనుకుంటారు, మిగతా సగం మంది మినరల్ వాటర్ ప్లాంటు పెట్టాననుకుంటారు. రెండూ కాదు. హనుమకొండలోనో నర్సంపేటలోనో డిగ్రీ చదువుతూ, లేదా సివిల్ బీటెక్ చేస్తూ, ఊళ్ళో చెరువు సంగతి, బోర్ల సంగతి బాగా తెలిసి, "దీన్నే చదువుగా, ఉద్యోగంగా చేసుకోవచ్చా" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. చేసుకోవచ్చు. అయితే పదేళ్ళు పట్టే దారి, మధ్యలో ఎవరూ చెప్పని మలుపులు చాలా ఉన్నాయి, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఈ సబ్జెక్టు ఏంటో తెలుసుకోండి

దీనికి పుస్తకం అక్కర్లేదు, మీ పొలం దగ్గరి స్టార్టర్ డబ్బా చాలు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి దాన్ని 24 గంటలు చేశారు. ఆ సమయంలోనే ఆటో స్టార్టర్లు తీసేయండని సర్కారు ఊరూరా ప్రచారం చేసింది, ఎందుకంటే కరెంటు ఉన్నంతసేపూ మోటర్ దానంతటదే నడిస్తే భూమిలో నీళ్ళు ఎంతకాలం ఉంటాయి? ఇది రైతుకు తెలియదా అంటే నాకంటే బాగా తెలుసు. నేనొకసారి ఓ పెద్దాయన్ని అడిగితే ఏమన్నాడంటే, "నేను బందు వెడితే నీళ్ళు ఆగుతయా బిడ్డా, పక్కోని మోటర్ గుంజుకుంటది."

నేను రెండేళ్ళు క్లాసులో నేర్చుకున్నదంతా ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. ఇంకో గంట మోటర్ నడిపితే ఆయనకయ్యే ఖర్చు సున్నా. నష్టం పక్క బోరుకు, మూడేళ్ళ తర్వాత ఆయన సొంత బోరుకు కూడా. భూమి ఎవరిదైతే కింది నీళ్ళూ వాళ్ళవే అనే ఆలోచనకు బ్రిటిష్ వాళ్ళ 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఆధారం, కానీ రాయి కిందున్న నీళ్ళకు గట్టు ఉండదు కదా. మన ఉమ్మడి రాష్ట్రం 2002లో వాల్టా చట్టం తెచ్చింది, బోరు వేయడానికి అనుమతి, బావికీ బావికీ దూరం లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఊళ్ళో అది ఎంత నడుస్తుందో మీకు నేను చెప్పాలా!

"మీటర్లు పెట్టి బిల్లు వేస్తే సరి" అని సెమినార్‌లో చాలా తేలికగా అనేస్తారు. ఆ మాట ఊళ్ళో అని చూడండి, చాయ్ కూడా పోయరు. అందుకే పంజాబ్ 2018లో తలకిందులుగా ఒక ప్రయోగం మొదలుపెట్టింది: వాడకుండా మిగిల్చిన యూనిట్లకు రైతుకే డబ్బులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాల రైతులే బావుల్లో నీటి మట్టం కొలిచి, వానలు లెక్కేసి, యాసంగికి ఏ పంట ఎంత పెట్టుకోవాలో కలిసి కూర్చుని మాట్లాడుకునే పద్ధతి ఒకటి నడిచింది. ఏది ఎక్కడ పనిచేసింది, ఎందుకు పనిచేసింది, ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఇదే వాటర్ ఎకనామిక్స్. పర్యావరణ విధానం అంటే దాని పెద్దన్న అనుకోండి, అందులో రామగుండం థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద నుంచి 2023 జులైలో మోరంచపల్లిని ముంచిన వరద దాకా అన్నీ వస్తాయి.

ఇంకో మాట, నీళ్ళు నిధులు నియామకాలు అని మనం తెలంగాణ ఉద్యమంలో అరిచాం కదా, ఆ వాదనకు లెక్కలు కట్టి చూపిన జయశంకర్ సార్ మన అక్కంపేట మనిషి, ఎకనామిక్స్ ప్రొఫెసర్, కాకతీయ యూనివర్సిటీకి వీసీగా చేశారు. కరీంనగర్ జిల్లా నుంచి వెళ్ళిన సీహెచ్ హనుమంతరావు గారి అధ్యక్షతన వేసిన కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక మీదే దేశంలో వాటర్‌షెడ్ పథకాల, అంటే వాన నీటిని పడ్డచోటే ఆపి ఇంకించే పథకాల, మార్గదర్శకాలు తయారయ్యాయి. ఇది మన ప్రాంతానికి కొత్త సంగతేం కాదు.

మ్యాథ్స్‌ను తప్పించుకోవద్దు

ఇక్కడే ఎక్కువ మంది ఆగిపోతారు, అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నా. ఊరి సంగతులు తెలిసినంత మాత్రాన పరిశోధకులు అయిపోరు. ఎంఏ ఎంట్రన్సుల్లో అడిగేది క్యాల్కులస్, మాట్రిక్సులు, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్. డిగ్రీలో ఎకనామిక్స్‌తో పాటు మ్యాథ్స్‌గానీ స్టాటిస్టిక్స్‌గానీ ఉన్న గ్రూపు దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్‌తో బీఏ ఇప్పటికే చేస్తుంటే ఇంటర్ ఎంపీసీ పుస్తకాలు ముందేసుకుని రోజుకు గంట కూర్చోండి, ఏడాదిలో తేలిపోతుంది. నేను అలాగే చేశాను. మొదటి మూడు నెలలు ఏడుపొక్కటే తక్కువ.

ఎలినోర్ ఆస్ట్రోమ్ గారి సంగతి చెబితే ధైర్యం వస్తుంది. మ్యాథ్స్ చాలినంత చదవలేదని ఆవిడకు ఎకనామిక్స్ పీహెచ్‌డీలో సీటు ఇవ్వలేదు. పొలిటికల్ సైన్స్‌లో చేరి, లాస్ ఏంజెలెస్ దగ్గర భూగర్భ జలాలను అక్కడివాళ్ళు ఎలా పంచుకుంటున్నారో 1965లో థీసిస్ రాశారు. చివరికి 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆవిడే. అయితే ఈ కథ చెప్పుకుని లెక్కలు మానేసేవాళ్ళను కూడా చూశాను, ఆవిడ ఆ తర్వాత గేమ్ థియరీ నేర్చుకున్నారన్న సంగతి మాత్రం వాళ్ళు మర్చిపోతారు.

సివిల్ బీటెక్ వాళ్ళకు ఇంకో రకం ఇబ్బంది. లెక్క వస్తుంది, హైడ్రాలజీ వస్తుంది, కానీ మనిషి ఎందుకలా చేస్తాడన్నది అడగడం రాదు. మీరు డిమాండ్, ధర, ప్రోత్సాహకం, ఉమ్మడి ఆస్తి, ఈ నాలుగూ ముందు అర్థం చేసుకోండి. బీఎస్సీ అగ్రికల్చర్ వాళ్ళకు అగ్రికల్చరల్ ఎకనామిక్స్ అనే రాజమార్గం ఎలాగూ ఉంది, జయశంకర్ వ్యవసాయ వర్సిటీలోనే పీజీ చేయొచ్చు.

ఎక్కడ చదవాలి

కాకతీయ, ఉస్మానియాల్లో ఎంఏకు సీపీగెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి సీయూఈటీ పీజీ. ఐఐటీల కోసం పెట్టే జామ్ అనే ఎంట్రన్స్‌లో 2021 నుంచి ఎకనామిక్స్ పేపర్ పెట్టారు, మన కాలేజీల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. చెన్నైలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఎకనామిక్స్ పేరుతోనే ఎంఏ ఉంది. ముంబైలో ఐజీఐడీఆర్, పుణెలో గోఖలే, తిరువనంతపురంలో సీడీఎస్ పేరున్నవి. లెక్కల కంటే విధానం, పరిపాలన వైపు మనసుంటే ముంబై టిస్‌లో నీటి విధానం మీద కోర్సు ఉంది, ఢిల్లీ టెరి స్కూల్ కూడా చూడండి. ఫీజుల్లో చాలా తేడా ఉంటుంది, కోర్సులు ఏటా మారుతుంటాయి, కాబట్టి దరఖాస్తు చేసే ముందు వాళ్ళ వెబ్‌సైట్ చూసుకోండి.

హైదరాబాద్‌లో ఉంటే బేగంపేటలోని సెస్ అనే ఆర్థిక, సామాజిక పరిశోధన సంస్థలో సెమినార్లకు వెళ్ళి కూర్చోండి. మొదట్లో సగం అర్థం కాదు. అయినా వెళ్ళండి.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడేవాళ్ళకు: తెలుగు మీడియంలో చదివినవాళ్ళం ఈ రంగంలో ఉన్నాం. రోజుకు ఒక పరిశోధన వ్యాసం తీసుకుని, అర్థమైంది తెలుగులో పది వాక్యాలు రాసి, ఆ పది వాక్యాలను మళ్ళీ ఇంగ్లీషులో రాయండి. ఆర్నెల్లు చేస్తే చేయి తిరుగుతుంది, ఏ కోచింగూ అక్కర్లేదు.

ప్రశ్న పట్టుకోవడం

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కెరీర్ నిలబడేదీ కూలేదీ ఇక్కడే. "తెలంగాణలో నీటి సమస్యలు, పరిష్కారాలు" అని టాపిక్ రాసుకుని వచ్చే పిల్లలను ఏటా చూస్తాను. అది టాపిక్ కాదు, ఉపన్యాసం. ప్రశ్న అంటే జవాబు రెండు రకాలుగా ఉండే అవకాశం ఉండాలి, ఏది నిజమో చూసి తేల్చగలగాలి.

మన చెరువులనే తీసుకోండి. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు మనకు ఇంటి పక్కనే, పాకాల, రామప్ప, లక్నవరం పిక్నిక్‌కు పోయి చూసినవే. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలైంది, 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలన్నది లక్ష్యం, తీసిన ఒండ్రుమట్టిని రైతులు పొలాల్లో పోసుకున్నారు. "మిషన్ కాకతీయ వల్ల నీళ్ళు పెరిగాయా?" అన్నది మంచి ప్రశ్నే, కానీ జవాబు చెప్పడం కనిపించినంత తేలిక కాదు. 2015 కరువు సంవత్సరం. 2016లో సెప్టెంబర్‌లో వానలు దంచికొట్టాయి. పూడిక తీయకముందు, తీసిన తర్వాత అని పోల్చి చూస్తే వాన చేసిన పనిని పథకం ఖాతాలో వేసేస్తాం. సరే, పని జరిగిన చెరువునూ జరగని చెరువునూ పోల్చుదామంటే, ముందుగా ఏ చెరువులు ఎంచుకున్నారు? కట్ట గట్టిగా ఉండి, ఆయకట్టు ఎక్కువున్న ఊళ్ళకే ముందు పని వచ్చి ఉంటే అక్కడ పంట ఎలాగూ బాగుండేదే. ఈ చిక్కుముడి విప్పడానికే ఎకనామెట్రిక్స్, అంటే ఎకనామిక్స్ ప్రశ్నలకు వాడే స్టాటిస్టిక్స్, నేర్చుకునేది. రెండు రకాల చెరువుల్లోనూ ముందు, తర్వాత వచ్చిన మార్పును కొలిచి, ఆ మార్పుల మధ్య తేడా చూడాలి, పని మొదలవకముందు రెండూ ఒకే తీరుగా నడిచాయో లేదో కూడా చూపాలి.

ఇంకా మంచి ప్రశ్న ఊళ్ళోవాళ్ళే ఇస్తారు. తూము తెరవాలా మూయాలా? తెరిస్తే చెరువు కింది ఆయకట్టు తడుస్తుంది. మూసేస్తే నీళ్ళు ఇంకి చుట్టూ బోర్లు పోస్తాయి. చేపలు పెంచే సొసైటీకి నీళ్ళు ఆగాలి, చెరువు లోపలి శిఖం భూమిలో దున్నుకునేవాళ్ళకు తగ్గాలి. ఒకప్పుడు నీరటి ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్ళో చూసేవాడు, యాసంగికి ఎన్ని ఎకరాలకు నీళ్ళివ్వాలో తైబందీ చేసేవాళ్ళు. సొంత బోరు వేసుకున్న రైతు తైబందీ మీటింగ్‌కు ఎందుకు వస్తాడు? బోర్లు పెరిగిన ఊళ్ళలో కాలువలు తీసే పనికి మనుషులు రావడం తగ్గిందా? చూశారా, ఇది కొలవగలిగే ప్రశ్న, పైగా ఆస్ట్రోమ్ అడిగిన ప్రశ్నలకు నేరుగా తగులుతుంది. ఊరు చిన్నదైనా ప్రశ్న పెద్దదే.

ఇంట్లో కూర్చుని లెక్కలతో ఆడుకోండి

ఎవరి అనుమతీ అక్కర్లేని పని ఇది. ఆర్ అనే సాఫ్ట్‌వేర్, మ్యాపులకు క్యూజీఐఎస్, రెండూ ఉచితం. రాష్ట్ర భూగర్భ జల శాఖ పీజోమీటర్లతో, అంటే మట్టం కొలవడానికే వేసిన బోర్లతో, నెలనెలా నీటి మట్టాలు చూస్తుంది. కేంద్ర భూగర్భ జల బోర్డు లెక్క ప్రకారం ఏటా నిండే నీళ్ళలో 100 శాతం మించి తోడితే ఆ ప్రాంతం అతివినియోగం కింద వస్తుంది, 70 శాతం లోపు ఉంటే సురక్షితం. మీ మండలం ఎక్కడుందో వెతకండి. మైనర్ ఇరిగేషన్ గణన ఉంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ 1975 నుంచి కొన్ని ఊళ్ళలో అవే కుటుంబాల వెంట పడి సేకరించిన డేటా ఉంది, అందులో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి ఒకటి, ప్రపంచమంతా దాని మీద పేపర్లు రాసుకుంది.

సెంటినల్-2 ఉపగ్రహం బొమ్మల్లో మీ ఊరి చెరువు అక్టోబర్‌లో ఎంత పరచుకుంది, ఏప్రిల్‌కు ఎంత కుంచించుకుపోయింది లెక్కపెట్టొచ్చు. కాకపోతే ఆ బొమ్మలు మొదలైందే 2015లో, అంతకుముందు సంవత్సరాలకు ల్యాండ్‌శాట్ అనే పాత ఉపగ్రహాల బొమ్మలు వాడాలి, దాంట్లో ఒక్కో చుక్క 30 మీటర్లు, కాబట్టి చిన్న కుంటలు కనిపించవు. ఇలాంటివి ముందే తెలిస్తే తర్వాత తల పట్టుకునే పని ఉండదు.

పొలం దగ్గర ఒక డ్రమ్ము పెట్టి చూడండి. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18,000. ఏడు గంటలు నడిస్తే 1,26,000 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటర్ నీళ్ళంటే సుమారు 4,047 లీటర్లు, కాబట్టి ఆ బోరు కింద మూడెకరాల వరి ఉంటే రోజుకు 10 మిల్లీమీటర్ల నీళ్ళు పెట్టినట్టు. మోటర్ 5 హెచ్‌పీ అయితే ఏడు గంటలకు సుమారు 26 యూనిట్లు, యాసంగిలో వంద రోజులు వేసుకోండి, 2,600 యూనిట్లు. యూనిట్‌కు సరఫరా ఖర్చు ఎంతో విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ ఉత్తర్వుల్లో దొరుకుతుంది. ఆ ఖర్చునూ మూడెకరాల వడ్లకు వచ్చిన ధరనూ పక్కపక్కన రాసి చూడండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "నేను కొలిచాను" అని ఈ ఒక్క లెక్క చెప్పండి, ఎదురుగా కూర్చున్నవాళ్ళు పెన్ను పక్కన పెట్టి వింటారు.

పీహెచ్‌డీ, జేఆర్ఎఫ్, గైడు

యూజీసీ నెట్ పరీక్ష ఏడాదికి రెండుసార్లు. రెండు పేపర్లు కలిపి 300 మార్కులు, తప్పు జవాబుకు మార్కులు కోయరు, ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. అందులో మంచి మార్కులతో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె వేరే. జనరల్ వాళ్ళకు 30 ఏళ్ళ వయసు పరిమితి, రిజర్వేషన్ వర్గాలకూ ఆడవాళ్ళకూ సడలింపు ఉంటుంది. జేఆర్ఎఫ్ లేకుండా పీహెచ్‌డీలో చేరొచ్చు గానీ ఇంట్లో డబ్బులు అడుగుతూ ఐదేళ్ళు గడపడం ఎంత నరకమో నాకు తెలుసు, ఇంకో ఏడాది ఆగినా సరే ఫెలోషిప్‌తోనే వెళ్ళండి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాతీయ ఫెలోషిప్పులు కూడా ఉన్నాయి.

గైడును పేరు చూసి ఎంచుకోవద్దు. ఆయన దగ్గర ప్రస్తుతం ఉన్న విద్యార్థులను క్యాంటీన్‌లో కలిసి మూడు సంగతులు అడగండి: చాప్టర్ ఇస్తే ఎన్నాళ్ళకు చదువుతారు, పేపర్ మీద పేరు ఎవరిది ముందు వేస్తారు, ఇంతకుముందు చేసినవాళ్ళకు ఎన్నేళ్ళు పట్టింది. నేను మొదట చేరిన చోట నా చాప్టర్ పదకొండు నెలలు బల్ల మీదే ఉండి, దాని మీద చాయ్ మరకలు తప్ప ఏ మార్కూ పడలేదు. అక్కడి నుంచి మారిపోయాను, ఒక ఏడాది పోయింది, ఇప్పటికీ దానికి బాధ లేదు.

విదేశాలంటే, అమెరికాలో అగ్రికల్చరల్ అండ్ రిసోర్స్ ఎకనామిక్స్ విభాగాలు పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు తీసేసి స్టైపెండ్ ఇస్తాయి, కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ డేవిస్, బర్క్‌లీ ఇందులో పెద్ద పేర్లు. యూరప్‌లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్. మాస్టర్స్‌కే అప్పు చేసి వెళ్ళాలనుకుంటే వంద సార్లు ఆలోచించండి. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఓవర్సీస్ సాయం 20 లక్షల దాకా ఉంది, ఆదాయ పరిమితి చూసుకోండి. కాఠ్మండూ నుంచి నడిచే సాండీ అనే దక్షిణాసియా నెట్‌వర్క్ పర్యావరణ ఎకనామిక్స్‌లో శిక్షణ, పరిశోధనకు డబ్బు ఇస్తూ వచ్చింది, వాళ్ళ ప్రకటనల మీద కన్నేసి ఉంచండి.

ఊళ్ళో అడిగేటప్పుడు

నా మొదటి ప్రశ్నావళి 14 పేజీలు. నాలుగో పేజీ దగ్గర ఒకాయన లేచి, "నువ్వడిగేటియన్నీ జెప్పుకుంట కూసుంటే నా మడి ఎండుతది" అని పోయాడు. న్యాయమే. ఇప్పుడు నలభై నిమిషాలు దాటనివ్వను.

"ఎన్ని నీళ్ళు వాడతారు" అని అడగొద్దు, దానికి ఎవరి దగ్గరా జవాబుండదు. మోటర్ ఎన్ని హెచ్‌పీ, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని ఇంచులు పోస్తుంది, బోరు ఎన్ని ఫీట్లు, ఏ సంవత్సరం వేశారు అని అడగండి. ఫెయిలైన బోర్ల గురించి కచ్చితంగా అడగండి, మనకు కింద ఎక్కువగా గ్రానైటు రాయి, నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి, పక్కపక్కనే వేసిన రెండు బోర్లలో ఒకటి పోసి ఒకటి దుమ్ము లేపుతుంది. అప్పుల కథ మొత్తం అక్కడే ఉంటుంది. పాస్‌బుక్ ఎవరి పేరు మీదుందో వాళ్ళే సాగు చేస్తున్నారనుకోవద్దు, కౌలు రైతును వెతికి అడగండి. కాలువ మొదట్లో ఇళ్ళున్నవాళ్ళు రోడ్డు పక్కనే దొరుకుతారు, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువ చివరి ఆయకట్టు వాళ్ళను కలవాలంటే బండి మీద ఎండలో పోవాలి, పొండి. నాట్లు వేసేదీ మడికి నీళ్ళు కట్టేదీ ఆడవాళ్ళయిన ఇంట్లో మగాయనతో మాట్లాడి వచ్చేస్తే సగం సమాచారమే వచ్చినట్టు. వేసవిలో వెళ్ళి "పోయిన యాసంగిలో జనవరిలో ఎన్ని గంటలు నడిపారు" అంటే అందరూ ఏదో ఒక అంకె చెబుతారు, నేను ఆ తప్పు చేసి ఒక సీజన్ డేటా మొత్తం పక్కన పడేశాను.

రాయడం, ఉద్యోగం

డబ్బులు కట్టండి వారంలో అచ్చేస్తాం అనే జర్నల్‌కు ఒక్క పేపర్ కూడా ఇవ్వొద్దు. మంచి జర్నల్‌లో ఒక పేపర్‌కు రెండేళ్ళు పట్టొచ్చు, తిప్పి పంపుతారు, మళ్ళీ పంపాలి, అంతే. మన దేశపు విధానాల మీద రాసేటప్పుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ చదివే అలవాటు ముందునుంచే ఉండాలి.

అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి బేసిక్ 57,700. పర్మనెంట్ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు, అందుకని ఈ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు. ఇక్రిశాట్, కొలంబోలో ప్రధాన కార్యాలయం ఉన్న అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ, బెంగళూరులో ఏట్రీ, ఇలాంటి చోట్ల పరిశోధకుల అవసరం ఉంటుంది. డేటా శుభ్రం చేయడం, మ్యాపు గీయడం, ఊళ్ళో సర్వే నడపడం ఈ మూడూ వచ్చినవాళ్ళు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు.

అధికారులకు ఇచ్చే నోట్ రెండు పేజీలు దాటితే చదవరు. మొదటి పేరాలోనే ఏం చేయాలో, ఎంత ఖర్చో రాయండి, పద్ధతి గురించి చివర్లో చెప్పుకోవచ్చు. ఊరివాళ్ళకు కూడా ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వండి, వాళ్ళ సమయం తీసుకుని మాయమైపోవద్దు. నేను థీసిస్ అయ్యాక అలాంటి కాగితం ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి వచ్చాను. వారానికి ఫోనొచ్చింది. మోటర్ గుంజుకుంటది అన్న ఆ పెద్దాయనే. "అంత మంచిగనే రాసినవ్ గని, నా బోరు 180 ఫీట్లు గాదు, 210. మల్ల దింపిన." ఎప్పుడు దింపారు అని అడిగాను. నేను సర్వేకు వచ్చిపోయిన మరుసటి నెలలోనే అట. ఆ రాత్రే ఫైలు తెరిచి అంకె పక్కన తేదీ వేసి, మిగతా బోర్ల లోతు మళ్ళీ అడగడానికి బయల్దేరాను.